కనుమలో ముందు నడిచినవారు

1922 సెప్టెంబరు 24వ తేదీన గూడెం కొండలలోని దామనపల్లి కనుమ గుండా ఒక పోలీసు దళము నడచి పోవుచున్నది. దారి ఇరుకు. అట్టి చోట ఎంత పెద్ద దళమైనను ఒకరి వెనుక ఒకరుగా తాడువలె సాగక తప్పదు. ముందు మన దేశపు జవానులు, వారి వెనుక స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు ఆంగ్లేయాధికారులు. పైన పొదల మాటున అల్లూరి సీతారామరాజు మనుష్యులు తుపాకులు గురిపెట్టి కూర్చున్నారు. ముందు నడచినవారు ఆ గురి క్రిందనుండియే దాటిపోయినారు. ఒక్క గుండు పేలలేదు. దొరలు గురిలోనికి వచ్చిన తరువాతనే తుపాకులు మ్రోగినవి. ఇద్దరును కూలిపోయినారు.

ఈ ముచ్చట తెలియనివారు తెలుగునాట అరుదు. బుర్రకథలలో విన్నాము, 1974లో వచ్చిన చలనచిత్రములో చూచినాము. భారతీయుని ప్రాణము తీయరాదని రాజు పెట్టుకొన్న నియమమునకు దీనిని నిదర్శనముగా చెప్పుకొందుము. ఆ మాట నిజమే. అయితే ఆ గురి క్రిందనుండి బ్రతికి బయటపడిన జవానును గూర్చి తలచినవారు తక్కువ. అతనిని ఆ కనుమలోనికి పంపినవారి ఎత్తుగడ ఏమి, అది రెండేండ్లలో ఎట్లు మారినది, దాని భారము తుదకు ఎవరి వీపుపై పడినది అని విచారించినచో మన్యపు పితూరీ కథ మరియొక వైపునుండి కనబడును. రాజు శౌర్యమునకు దీనివలన వచ్చు లోటు ఏమియు లేదు.

మన్యమనగా గోదావరికి ఉత్తరముగా, తూర్పు కనుమలలో, నాటి గోదావరి, విశాఖపట్నము జిల్లాల ఎగువ భాగమున పరచుకొన్న అడవిసీమ. క్రింది వైపు రంప, పై వైపు గూడెం. కోయలు, కొండదొరలు, కొండరెడ్లు, బగతలు అక్కడి జనులు. కొన్ని పల్లెలు కలిసి ఒక ముఠా. దానికి ముఠాదారు పెద్ద. మైదానపు చట్టములు అక్కడ నడువవని కంపెనీవారు ముందే గ్రహించి, 1839లో ఒక చట్టము చేసి, కొండప్రాంతములను కలెక్టరుకే ఏజెంటను పేరిట అప్పగించినారు. ఏజెన్సీ అను పేరు అట్లు వచ్చినది. పేరు వచ్చినంత సులభముగా అధికారము రాలేదు. ఆ శతాబ్దమంతయు ఏదో యొక మూల పితూరీ రేగుచునే ఉన్నది.

వానిలో పెద్దది 1879 మార్చిలో రంపలో పుట్టినది. కొండవాడు తన ఇంటి అవసరమునకు గీసుకొను కల్లుపై పన్ను వేసి, దానిని గుత్తకిచ్చినారు. మన్సబుదారు ఒక వైపు, పోలీసులు మరియొక వైపు పీడించినారు. అణచుటకు ఇరుగుపొరుగు జిల్లాల పోలీసులు చాలక, ఆరు పటాలముల మద్రాసు పదాతిదళమును, రెండు కంపెనీల సాపర్లను, ఒక గుఱ్ఱపు దళమును దింపినారు. ఆ కొండలలో గుఱ్ఱములు ఏమి చేయగలవో పంపినవారికే తెలియవలెను! పితూరీదారులు ఎదురుపడి పోరాడలేదు. పటాలము వచ్చిన దారిని వారు లేరు. వారున్న దారి పటాలమునకు తెలియదు. చంద్రయ్య, అంబులరెడ్డి వంటి నాయకులు ఒకరొకరుగా చిక్కువరకు, అనగా 1880 గడచువరకు, ఆ ఆట సాగినది.

అప్పుడు సిపాయిని పడగొట్టినది తుపాకి కంటె జ్వరము. మన్యపు జ్వరము అని మనవారు పేరు పెట్టినారు. కొండలో పుట్టి పెరిగినవానిని అది కొంత ఓర్చుకొనును. మైదానమునుండి వచ్చినవానిని పది దినములలో పండబెట్టును. చెడుగాలి అనుకొన్నారు, చెడునీరు అనుకొన్నారు. అటు తరువాత పదునెనిమిదేండ్లకు, 1897లో, మన సికిందరాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని చూచినాడు. కనుక 1922లో కొండయెక్కిన జవానుకు కారణము తెలిసినది, క్వినైను దొరికినది. కాని కారణము తెలిసినంత మాత్రమున దోమ కుట్టక మానదు గదా. వానకాలమున తడిసిన బట్టలతో ఏటి ఒడ్డున పడుకొన్నవాని స్థితి తాతల నాటికిని మనుమల నాటికిని పెద్దగా మారలేదు.

1922 నాటి కారణములు అందరికి తెలిసినవే. 1882 అడవి చట్టము పోడు వ్యవసాయమును కట్టివేసినది. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియను రోడ్డు పనులకు జనులను పట్టి, కూలి సరిగా ఇవ్వక హింసించినాడు. గాము గంటందొర, మల్లుదొర సోదరులు రాజు వెంట నడచుటకు అతని దౌర్జన్యమే దారి తీసినది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలు మూడు దినములలో మూడును దాడికి గురియైనవి. ఇరువదియారు తుపాకులు, రెండువేలకు పైగా గుండ్లు పోయినవి. ఏమేమి పట్టుకొనిపోయినది ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసి మరీ పోయినారు. ఆ ఠాణాలలోని జవానులకు దెబ్బ తగిలిన దానికంటె పరువు పోయిన దెబ్బ గట్టిగా తగిలియుండును. ఇంటిదొంగను పట్టవలసినవాని ఇంటనే దొంగతనమాయె, అదియు రసీదుతో!

ప్రభుత్వపు మొదటి ఎత్తుగడ మిక్కిలి సామాన్యమైనది: మనుష్యులను పోగుచేసి వెంటాడుట. జిల్లాలనుండి రిజర్వు పోలీసులను రప్పించి, ఐరోపా యుద్ధపు అనుభవము కల దొరలను వారి పైన పెట్టి, కొండలలోనికి పంపినారు. ఆ యుద్ధములో కందకములు తెలిసినవే కాని కనుమలు తెలియవు. దామనపల్లిలో ఆ ఎత్తుగడ ఫలితము నెలదినములలోనే తేలిపోయినది.

ఇక్కడ ఒక్క క్షణము నిలిచి ఆ ముందు నడచిన జవాను వైపు చూడవలెను. తన వెనుకనున్న దొర పడిపోయినాడు, తాను మిగిలినాడు. తాను మిగిలినది అదృష్టమువలన కాదనియు, పైనున్నవాడు తనను ఎంచి విడిచినాడనియు అతనికి తరువాత తెలిసినది. ఇట్టి దయ సిపాయికి రెండు వైపుల పదునుగల కత్తి. మరునాడు అదే కనుమలోనికి పొమ్మన్నప్పుడు, తనను విడిచినవానిపై అతడు ఏ మనస్సుతో తుపాకి ఎత్తవలెను? ఎత్తకపోయినచో పైయధికారి ఏమనుకొనును? యుద్ధములో శత్రువు చేయగల పనులలో ఇంతకంటె లోతైన పని లేదని నా అభిప్రాయము. రాజు దీనిని ధర్మముగా చేసినాడు. ఎత్తుగడగా కూడ ఇది నూటికి నూరుపాళ్లు ఫలించినది. ముందు భారతీయులు నడచుచుండుటవలన దొరలపై గురి కుదురుట లేదని ఆయన వాపోయినట్లు కూడ ఉన్నది. దొరల సమాధులు నర్సీపట్నములో ఉన్నవి. ముందు నడచినవారి పేర్లు మన కథలలో ఎక్కడను వినబడవు.

అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరము ఠాణాలపై దాడులు జరిగినవి. ఈసారి రాజునకు ఆయుధములు దొరకలేదు, ముందుగనే తరలించివేసినారు. చూచుటకు ఇది చిన్న జాగ్రత్తయే. కాని దాని అర్థము ఆలోచింపుడు. తుపాకి పోకుండుటకై తుపాకి లేని ఠాణాలో జవానును కూర్చుండబెట్టినారన్నమాట. చేతిలో లాఠీ, చుట్టు అడవి, ఏ రాత్రి ఎవరు వచ్చెదరో తెలియదు.

అప్పుడు ప్రభుత్వము మలబారు ప్రత్యేక పోలీసు దళమును రప్పించినది. దీనికి వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1921లో మలబారులో మాపిళ్లల తిరుగుబాటు చెలరేగినప్పుడు, హిచ్‌కాక్ అను పోలీసు సూపరింటెండెంటు చొరవతో ఈ దళము ఏర్పడినది. పేరునకు పోలీసులు, శిక్షణయు ఆయుధములును పటాలమువి. వీరు కొండలకును వానలకును కొత్తవారు కారు. నడుచుటలో, గురిలో జిల్లా పోలీసులకంటె మిన్న. 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెము వద్దను, అటు వెంటనే లింగాపురము వద్దను జరిగిన పోరాటములలో రాజు పక్షమున ప్రాణనష్టము కలిగినది. అది మొదలు రాజు ఎదురెదురు పోరాటమునకు దిగుట తగ్గించినాడు.

ఇక ప్రభుత్వము గెలిచినట్లే అని తలంచినవారు ఉన్నారు. గెలువలేదు. మలబారు జవాను తుపాకి కాల్చగలడు. ఎవరిని కాల్చవలెనో అతనికి తెలియదు. అతని మాట మలయాళము. కొండవాని మాట కోయ, లేక కొండ యాసతో కూడిన తెలుగు. పల్లెలోనికి పోయి రాజు ఎటు పోయినాడని అడుగుటకు దుబాసీ కావలెను. ఆ దుబాసీ ఏమి అడుగుచున్నాడో, వచ్చిన జవాబును ఎట్లు మార్చి చెప్పుచున్నాడో భగవంతునికే ఎరుక.

అంతకంటె చిక్కైనది మోత సంగతి. నర్సీపట్నము దాటి కొండయెక్కిన తరువాత బండ్లు పోవు తావులు తక్కువ. దళమునకు బియ్యము, ఉప్పు, పప్పు, డేరాలు, మందులు, గుండ్లపెట్టెలు అన్నియు మనుష్యుల తలలపైననే పోవలెను. మోసెడివాడు ఎవడు? ఆ కొండవాడే. సర్కారువారు కొండకు వచ్చినప్పుడెల్ల సామాను మోయుట వాని నెత్తిన పడిన వెట్టి. పితూరీకి ఆ వెట్టియే ఒక కారణము. ఇప్పుడు పితూరీని అణచుటకు మరల వానినే మోయుమన్నారు. జవాను తన బియ్యపుమూటను ఎవని తలపై పెట్టినాడో, వాని అన్నయో బావమరిదియో రాజు వెంట ఉండవచ్చును. దళము ఎందరు, ఎన్నాళ్ల తిండితో బయలుదేరినారు, రేపు ఎక్కడ దిగెదరు అను సమాచారము మూటతో పాటు నడచిపోయినది. వేగులవారికై రాజు వేరుగ వెదకుకొనవలసిన పని లేదు. ప్రభుత్వమే పోగుచేసి ఇచ్చినది. రాజు మిరపకాయలు కట్టిన లేఖలతో ముందుగా కబురుపెట్టి దాడిచేసెడివాడని చెప్పుకొందుము. ఆ టపా ఎటు నడచినను తిరుగు టపా మాత్రము జవాను వెంటనే నడచినది.

1923 ఏప్రిల్‌లో రాజు అన్నవరములో పగటిపూట ప్రత్యక్షమైనాడు. జనులు పూజించినారు. పత్రికావిలేఖరితో మాటలాడినాడు, ఆ సంభాషణ ఆంధ్రపత్రికలో వచ్చినది. నెలల తరబడి కొండలలో వెదకుచున్న దళముల మాట ఏమి కావలెను? కొండను త్రవ్వి ఎలుకనైన పట్టలేకపోయిరని నవ్వినవారు నవ్వినారు. రాజును ఆదరించినందుకు ఆ ప్రాంతపు ప్రజలపై జుల్మానా పడినది.

ఆ జుల్మానాలోనే కొత్త ఎత్తుగడ దాగియున్నది. రాజును వెంటాడుట లాభము లేదు. రాజునకు అన్నము పెట్టు చేతులను పట్టవలెను అను సంగతి అధికారులకు క్రమముగా తట్టినది. అక్కడక్కడ దండులను నిలిపినారు. అనుమానము కల ముఠాదారులను నిర్బంధించినారు. రాజు తలకు 10,000 రూపాయలు వెలకట్టినారు. పల్లెలకు చేరు ఆహారపదార్థములపై కట్టుబాట్లు పెట్టినారు. మన్యములో జొన్న, సామ, రాగి పండును. చింతపండు, పనసకాయ, దుంపలు దొరకును. కాని ఉప్పు పండదు. ఉప్పునకు, బట్టకు కొండవాడు సంతకు దిగవలెను. సంతపై కన్ను వేసినవాడు కొండ గొంతుపై చేయి వేసినట్లే. పల్లెవాసి స్థితి అడకత్తెరలో పోకచెక్క అయినది. పితూరీదారునకు గంజి పోసినచో దండువారు కొట్టుదురు. పోయనిచో తన వానికే ద్రోహము చేసినట్లు.

జవాను పని కూడ దీనితో మారిపోయినది. నిన్నటివరకు అతడు ఆయుధము గలవానిని వెదకినాడు; ఇప్పుడు ముసలమ్మ గాదెలో ఎన్ని కుంచములున్నవో వెదకవలెను. కనుమలో చావునకు భయపడుట ఒక కష్టము. పల్లెలో ఏడ్పులు వినుచు మూటలు విప్పించుట వేరొక కష్టము. దీనిని గూర్చి జవానులు వ్రాసి పెట్టుకొన్నది మనకు లేదు. వ్రాయుట వచ్చినవారు వ్రాసినది నివేదికలు. నివేదికలలో ఏడ్పులకు గడి ఉండదు.

1924 జనవరిలో అస్సాం రైఫిల్సు దళము మన్యమునకు వచ్చినది. గూర్ఖాలును, ఈశాన్యపు కొండజాతులవారును ఆ దళమున ఉన్నారు. అంతకుముందు 1917 మొదలు 1919 వరకు మణిపురపు కొండలలో కుకీల తిరుగుబాటును అణచినది ఈ దళమువారే. అక్కడ పల్లెలు తగులబెట్టుట, ధాన్యము నాశనము చేయుట అమలు జరిగినవి. ఒక కొండలో నేర్చిన విద్య మరియొక కొండకు వచ్చినదన్నమాట. కొండవానిపైకి కొండవానిని పంపుటలో పాలకుల తెలివి కనబడును. తన ఊరిలో వానివలెనే పోడు కొట్టి, వానివలెనే దొరకు మూట మోసినవాడు, ఎంతో దూరము ప్రయాణము చేసి వచ్చి, వాని గుడిసె ముందు తుపాకితో నిలిచినాడు. ఒకరి మాట ఒకరికి తెలియదు. తెలిసియున్నచో ఏమి చెప్పుకొనియుందురో.

ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ అను అధికారి ప్రత్యేక కమిషనరుగా వచ్చినాడు. అప్పటికి పల్లెలు అలసిపోయినవి. రెండు వానకాలములు పోడు సరిగా సాగలేదు, సంత లేదు, మగవారు కొందరు చెరలో, కొందరు అడవిలో. రాజును అప్పగింపనిచో పల్లెలకు బ్రతుకు లేదని ఆ అధికారి హెచ్చరించినట్లు జనులు చెప్పుకొందురు. మే 6న అగ్గిరాజు చిక్కినాడు. మరునాడు, 1924 మే 7న, మంప వద్ద రాజు పట్టుబడినాడు. పట్టినవారు అస్సాము జవానులు కారు. తూర్పుతీర ప్రత్యేక పోలీసులు. కొయ్యూరులోని మేజర్ గుడాల్ శిబిరమునకు తీసికొనిపోయినారు. ఆనాడే అక్కడ ఆయన తుపాకిగుండ్లకు ప్రాణము విడిచినాడు. పారిపోబోగా కాల్చితిమని ప్రభుత్వము ప్రకటించినది. చెట్టుకు కట్టి కాల్చినారని మన్యము నమ్మినది, నేటికిని నమ్ముచున్నది. విచారణ లేకుండ చంపిన మాట మాత్రము రెండు కథలలోను ఒక్కటే. ఆయనకు అప్పటికి ముప్పది నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది.

రెండేండ్లలో జరిగిన పోరాటములన్నింటిని లెక్కవేసినను వానిలో ఏ ఒక్కటియు ఈ పితూరీని అంతము చేయలేదు. ఆకలి చేసినది, అలసట చేసినది. ఇటువంటి యుద్ధములను గూర్చిన పాఠ్యగ్రంథములు తరువాత చాల వచ్చినవి. వానిలో తరచు ఉదాహరింపబడునది మలయా. అక్కడ 1948లో కమ్యూనిస్టుల తిరుగుబాటు మొదలైనప్పుడు బ్రిటిషు సేనలు మొదట అడవిని గాలించి విసిగినవి. 1950లో జనరల్ బ్రిగ్స్ అను నాతడు వేరొక పథకము వేసినాడు. అడవి అంచుననున్న సుమారు 5 లక్షల మందిని ముళ్లకంచెల నడుమ కొత్త గ్రామములకు తరలించినారు. బియ్యము కొలిచి ఇచ్చినారు. రబ్బరుతోటల కూలీల నివాసములకును కంచెలు వచ్చినవి; ఆ కూలీలలో మన తెలుగువారును ఉన్నారు. 1960 వరకు ఆ అత్యవసరస్థితి సాగినది. జనుల మనస్సులను గెలుచుకొనుట అను మాట అక్కడనే ప్రసిద్ధికెక్కినది. ఆ మాట వినసొంపుగ ఉన్నది. కంచె లోపలనున్నవానిని అడిగి పెట్టిన పేరు మాత్రము అది కాదు. మలయా పథకమునకు మన్యము ఆధారమని నేను చెప్పుట లేదు. ఒకే సామ్రాజ్యము ఇరువదియారేండ్ల ఎడముతో రెండడవులలోను ఒక్క దారినే పట్టినదని చెప్పుచున్నాను. రెండింటను వెంటాడి విసిగినది జవాను. ఆ విసుగునకు మూల్యము ఇచ్చినది పల్లె.

1924 జూన్‌లో గంటందొర కూడ పోరులో మరణించినాడు. అంతటితో పితూరీ ముగిసినట్లు ప్రభుత్వము భావించినది. మలబారువారు మలబారునకు, అస్సామువారు అస్సామునకు పోయినారు. గంటందొర తమ్ముడు మల్లుదొర 1923 సెప్టెంబరులోనే చిక్కియున్నాడు. మొదట ఉరిశిక్ష, తరువాత యావజ్జీవము, అండమాను. అన్నియు గడచి తిరిగి వచ్చినాడు. స్వతంత్ర భారతమున జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు.